స్విస్ మూలాలు వెతకాలంటే ముందు ఊరు దొరకాలి: పాత రికార్డుల్లో వంశాన్నీ ఇంటిపేరునూ పట్టుకునే పద్ధతి

స్విట్జర్లాండ్ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు ఉండదు. ఆ చోట ఇంకో ఊరి పేరు ఉంటుంది. పాస్‌పోర్టు ఉన్న మనిషి అక్కడ పుట్టి ఉండకపోవచ్చు, వాళ్ల తాతయ్య కూడా ఆ ఊరి మొహం చూసి ఉండకపోవచ్చు. అయినా చట్టం లెక్కలో అతను ఆ ఊరివాడే. జర్మన్ మాట్లాడే కాంటన్లలో (కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది) దీన్ని హైమాట్‌ఓర్ట్ అనో బ్యుర్గర్‌ఓర్ట్ అనో అంటారు. ఫ్రెంచి వైపు లియూ దోరిజీన్, ఇటాలియన్ వైపు లువోగో ది ఆత్తినెన్సా. మనలో హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లు కూడా "మాది తెనాలి దగ్గర" అంటుంటారు. మనకు అది మాటవరస. అక్కడ అది పౌరసత్వం.

స్విస్ వంశ పరిశోధన మొత్తం ఈ ఒక్క విషయం మీద నడుస్తుంది. పూర్వం ఒక కుటుంబం దరిద్రంలో పడితే దాన్ని పోషించాల్సింది వాళ్ల మూల గ్రామమే. అందుకే ఏ గ్రామమైనా తన పౌరులు ఎవరో, ఎక్కడున్నారో, ఎవరిని పెళ్లాడారో, ఎందరు పిల్లలో జాగ్రత్తగా రాసి పెట్టుకునేది. బయట జరిగిన పెళ్లిళ్లు, పుట్టుకలు, చావుల కబురు కూడా మూల గ్రామానికి చేరేది. ఆ ఊరు తెలిసిందా, చాలా కుటుంబాలను 1600ల దాకా వెనక్కి తీసుకెళ్లవచ్చు. తెలియకుండా ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని వెతికితే ఏళ్లు గడిచిపోతాయి, దొరికింది మనవాళ్లదో కాదో తేలదు.

ఊరు ఎలా దొరుకుతుంది

ముందు వెతకాల్సింది స్విట్జర్లాండ్‌లో కాదు, కుటుంబం వలస వెళ్లిన దేశంలో. ఇంట్లోని పాత బైబిళ్ల మొదటి పేజీలు, ఉత్తరాల కవర్లు, సమాధి రాళ్లు, చర్చి పుస్తకాలు, పౌరసత్వ దరఖాస్తులు, పత్రికల్లో మరణవార్తలు అన్నీ చూడండి. అమెరికా జనాభా లెక్కల్లో చాలావరకు "స్విట్జర్లాండ్" అని మాత్రమే ఉంటుంది, దానితో పని జరగదు. అదే జర్మన్ భాషలో నడిచిన చర్చి పుస్తకంలో కాంటన్, ఊరు రెండూ రాసి ఉండే అవకాశం చాలా ఎక్కువ.

ఎక్కడ స్థిరపడ్డారన్నది కూడా ఆనవాలే. అమెరికా విస్కాన్సిన్‌లోని న్యూ గ్లారుస్‌ను 1845లో గ్లారుస్ కాంటన్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్నారు. బ్రెజిల్‌లోని నోవా ఫ్రిబుర్గో 1819లో వచ్చిన వలసలతో మొదలైంది, వాళ్లలో ఫ్రిబూర్ కాంటన్ వాళ్లు ఎక్కువ. పెన్సిల్వేనియా మెనొనైట్, ఆమిష్ (పసిబిడ్డల బాప్తిస్మాన్ని ఒప్పుకోని అనాబాప్టిస్టు క్రైస్తవ శాఖలు) కుటుంబమైతే చూపు బెర్న్, జ్యూరిక్ కాంటన్ల మీద పెట్టాలి. అయితే వాళ్లు నేరుగా అమెరికా వెళ్లలేదు. 1648లో ముప్పయ్యేళ్ల యుద్ధం ముగిశాక మనుషులు లేక బీడుపడిన రైన్ నది పక్క పలాటినేట్ (ఇప్పటి జర్మనీ), ఆల్సాస్ (ఇప్పటి ఫ్రాన్స్) ప్రాంతాలకు ముందు చేరారు. 1671లోనూ 1711లోనూ బెర్న్ పాలకులు తరిమేసినప్పుడు ఇంకా చాలామంది వెళ్లారు. ఫిలడెల్ఫియా రేవులో 1727 నుంచి రాసిన ప్రమాణ పత్రాల జాబితాల్లో వీళ్లందరూ "పలాటైన్లు" అయిపోయారు. కాబట్టి మధ్యలో ఒకటి రెండు తరాల జర్మన్ చర్చి పుస్తకాలు తిరగేయక తప్పదు. వాటిలో "బెర్న్ ప్రాంతం నుంచి", "జ్యూరిక్ ప్రాంతం నుంచి" అన్న అర్థంలో గుమస్తా రాసిన ఒక్క ముక్క కోసమే ఈ శ్రమ.

ఇంటిపేరు మాత్రం తెలిసి, ఊరు తెలియనప్పుడు స్విస్ ఇంటిపేర్ల రిజిస్టర్ చూడాలి. 1962 నాటికి ఏ గ్రామంలోనైనా పౌరసత్వం ఉన్న ఇంటిపేర్లన్నీ అందులో ఉన్నాయి. ఉచితం, స్విట్జర్లాండ్ చారిత్రక నిఘంటువు వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. పేరు కొడితే ఆ ఇంటిపేరుకు ఏయే గ్రామాల్లో, ఎప్పటినుంచి పౌరసత్వం ఉందో వస్తుంది. 1800కి ముందునుంచీ ఉన్న గ్రామాలను విడిగా రాసుకోండి, మన వెతుకులాట వాటిలోనే. 19వ, 20వ శతాబ్దాల్లో పౌరసత్వం పొందిన ఊళ్లు ఆ కుటుంబం తర్వాత కదిలిన చోట్లు. ఇక్కడ ఒక మెలిక ఉంది. 1962కి ముందే స్విట్జర్లాండ్‌లో అంతరించిన ఇంటిపేరు ఇందులో కనిపించదు. మనిషి 1740లో వలసపోయి, ఊళ్లో మిగిలిన శాఖ 1900లో ఆగిపోతే రిజిస్టర్ ఖాళీగా ఉంటుంది. దాన్ని చూసి "ఇది స్విస్ పేరే కాదు" అని తేల్చేయకండి.

వెతికే ముందు పేరును పాత రూపానికి తిప్పాలి. వలసలో స్పెల్లింగులు బాగా చెదిరాయి: నోయెన్‌ష్వాండర్ నైస్‌వాండర్ అయింది, ఏష్లిమాన్ ఎషెల్‌మన్ అయింది, ట్సౌగ్ జూక్ అయింది, హూబర్ హూవర్ అయింది. కొన్నిచోట్ల అర్థాన్నే మార్చేశారు, వడ్రంగి అనే అర్థమున్న ట్సిమ్మర్‌మాన్ కార్పెంటర్‌గా మారింది. బి-పి, డి-టి, జి-కె ఒకదాని బదులు ఒకటి పడతాయి, ఐ-వై కూడా అంతే.

ఒకే ఇంటిపేరు, రెండు వంశాలు

ఆమ్‌స్టుట్జ్ అనే పేరు తీసుకుందాం. స్టుట్జ్ అంటే నిటారు వాలు. వాలు దగ్గర ఇల్లున్నవాడు ఆమ్‌స్టుట్జ్. కొండల దేశంలో వాలుకేం కొరత! ఈ పేరు బెర్న్ కాంటన్‌లో థున్ సరస్సు ఒడ్డున ఉన్న సిగ్రిస్‌విల్‌లో ఉంది, ఓబ్‌వాల్డెన్‌లోని ఏంగెల్‌బెర్గ్‌లోనూ ఉంది. మొదటిది ప్రొటెస్టెంట్ ఊరు, రెండోది కాథలిక్ మఠం నీడలో పెరిగిన లోయ. రెండిటి మధ్య రక్తసంబంధం ఉందని ఇంటిపేరు చెప్పదు. కుటుంబం ఏ మతశాఖదో తెలిస్తే సగం చిక్కు ఇక్కడే విడిపోతుంది.

మనవైపు ఊరి పేరే ఇంటిపేరైనట్టు అక్కడ పొలం, వాలు, వంతెన, వాగు ఇంటిపేర్లయ్యాయి. ముందు తగిలే "ఆమ్", "త్సుర్", "త్సుమ్", "ఇన్‌దెర్", "ఫాన్" లాంటివి దగ్గర, లోపల, నుంచి అనే అర్థాలిస్తాయి. త్సుర్‌బ్రిగ్గెన్ అంటే వంతెన దగ్గరివాళ్లు. "ఫాన్" కనబడగానే జమీందారీ వంశం అనుకోవద్దు. ఫాన్ ఆల్మెన్ లాంటి పేర్లలో అది ఊరుమ్మడి భూమి నుంచి వచ్చినవాడు అని మాత్రమే చెబుతుంది.

అడవి కొట్టి పొలం చేసిన చరిత్ర కూడా ఇంటిపేర్లలో ఉంది. చెట్టు మొదట్లో చుట్టూ బెరడు వలిచి, ఎండబెట్టి చంపి చేసిన చదును ష్వాండ్. మొద్దులు పెకలించి చేసింది ర్యూటి. నోయెన్‌ష్వాండర్ అంటే "కొత్త ష్వాండ్" వాడు. వృత్తి పేర్లలో లాటిన్ నీడ ఎక్కువ. ఫిస్టర్ రొట్టెలు చేసేవాడు, సూటర్ చెప్పులు కుట్టేవాడు. సిగ్రిస్ట్ చర్చి బాగోగులు చూసేవాడు. కెల్లర్, మాయర్ రెండూ భూస్వామి తరఫున ధాన్యం, ద్రాక్షసారా శిస్తు వసూలు చేసిన పెద్దల పేర్లు. దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే మ్యూలర్ తిరగలి మిల్లువాడు. ఫ్రెంచి వైపు ఫావ్ర్ అంటే కమ్మరి. గ్రాబుండెన్ కొండల్లో రోమాన్ష్ భాషలో "కా" అంటే ఇల్లు, కాథోమాస్ అంటే థామస్ ఇంటివాళ్లు.

అర్థం ఊహించి వదిలేయకండి. పేరులోని ముక్క స్థానిక మాండలికంలో ఏమవుతుందో స్విస్ జర్మన్ మాండలిక నిఘంటువులో చూడండి. 1881 నుంచి సంపుటాలుగా వస్తున్న ఆ పెద్ద నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. ఆ తర్వాత స్విస్ ప్రభుత్వ మ్యాపుల సైట్‌లో పాత పటాలు తెరవండి. 19వ శతాబ్దం మధ్యలో వచ్చిన ద్యుఫూర్ పటం 1:1,00,000 స్కేలులో, 1870 నుంచి వచ్చిన సీగ్‌ఫ్రీడ్ పటాలు 1:25,000, 1:50,000 స్కేళ్లలో ఉంటాయి. సీగ్‌ఫ్రీడ్ పటంలో ఒంటరి పొలం ఇళ్ల పేర్లు కూడా కనిపిస్తాయి. ఇంటిపేరూ పొలం పేరూ కలిసి, 1800కి ముందు పౌరసత్వం కూడా అదే గ్రామంలో ఉంటే మూలం దొరికినట్టే. కుటుంబ చిహ్నం అని ఇంటిపేరు మీద డాలు బొమ్మ అచ్చేసి అమ్మేవాళ్లకు డబ్బు ఇవ్వకండి. ఒకే పేరున్న వేర్వేరు వంశాలకు వేర్వేరు చిహ్నాలుండేవి, రైతులు కూడా పెట్టుకునేవారు. చిహ్నం వంశానికి చెందుతుంది, ఇంటిపేరుకు కాదు.

ఏ పుస్తకం ఎక్కడ

దేశం మొత్తానికి ఒకే పత్రాల భాండాగారం ఉంటుందనుకుని చాలామంది బెర్న్‌లోని ఫెడరల్ ఆర్కైవ్స్‌కు రాస్తారు. జననమరణాలకు అక్కడ పనిలేదు. 26 కాంటన్లకు 26 ఆర్కైవులు, ఎవరి పద్ధతి వారిది. జర్మన్ కాంటన్‌కు జర్మన్‌లో, వో, జెనీవా, నూషాటెల్ లాంటివాటికి ఫ్రెంచిలో, టిచినోకు ఇటాలియన్‌లో రాస్తే జవాబు త్వరగా వస్తుంది.

1876 జనవరి 1 నుంచి దేశమంతటా జనన, వివాహ, మరణ రిజిస్టర్లు ప్రభుత్వ అధికారుల చేతికి వచ్చాయి. 1929 నుంచి ప్రతి మూల గ్రామంలోనూ కుటుంబ రిజిస్టర్ తప్పనిసరైంది. ఒక్కో కుటుంబానికి ఒక్కో పేజీ, తల్లిదండ్రులు, పిల్లలు అందరూ ఒకేచోట ఉంటారు. బతికున్నవాళ్ల వివరాలుండే ఈమధ్య కాలపు పుస్తకాలను అందరికీ తెరవరు. నేరుగా ఆ వంశంలో పుట్టినట్టు రుజువు చూపి, రుసుము కట్టి నకలు అడగాలి.

1876కి ముందువి చర్చి పుస్తకాలు. జ్యూరిక్‌లో 1526లోనే బాప్తిస్మాలు రాయమని ఆజ్ఞ వచ్చింది, బెర్న్‌లో 1528 నాటి ప్రొటెస్టెంట్ మత సంస్కరణ తర్వాత మొదలయ్యాయి. కాథలిక్ ఊళ్లలో 1563 నాటి ట్రెంట్ సభ తీర్మానం తర్వాత నెమ్మదిగా వచ్చాయి. ఆజ్ఞ వచ్చిన ఏడే పుస్తకం మొదలైందనుకోకూడదు, కొన్ని ఊళ్లలో తొలి పుస్తకాలు నిప్పుకు పోయాయి. బెర్న్ పల్లెల్లో చాలాచోట్ల మరణాల పుస్తకం 18వ శతాబ్దం దాకా లేదు. బెర్న్ ఆర్కైవ్స్ తన చర్చి పుస్తకాల చిత్రాలను ఆన్‌లైన్‌లో పెట్టింది, ఇంట్లో కూర్చుని పేజీలు తిప్పవచ్చు. కొన్ని కాంటన్ల మైక్రోఫిల్ములు ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత వంశ పరిశోధన వెబ్‌సైట్‌లో ఉన్నాయి.

వీటితోపాటు ముందే కుటుంబాలుగా కూర్చిన పుస్తకాలున్నాయేమో అడగండి, నెలల పని రోజుల్లో తేలుతుంది. బెర్న్ గ్రామాల్లో బుర్గర్‌రోడెల్ అనే పౌరుల జాబితాలున్నాయి. జ్యూరిక్ పల్లెల్లో 1634 నుంచి పాస్టర్లు ఇంటింటికీ రాసిన జనాభా పట్టీలు ఉన్నాయి. గ్లారుస్‌లో కుబ్లి-మ్యూలర్ కాంటన్ మొత్తం వంశాలను చేత్తో రాసి కూర్చారు, ఆ సంపుటాలు అక్కడి ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇవి దారి చూపేవి మాత్రమే. ఇందులోని ప్రతి తేదీనీ అసలు చర్చి పుస్తకంతో సరిచూడాలి.

సరిహద్దులు మారిన సంగతి మరవకండి. వో ప్రాంతం 1536 నుంచి 1798 దాకా బెర్న్ ఏలుబడిలో ఉంది. జూరా 1815లో బెర్న్‌కు చేరింది, దాని ఉత్తర భాగం 1979లో విడి కాంటన్ అయింది. ఏంగెల్‌బెర్గ్ ఓబ్‌వాల్డెన్‌లో చేరింది 1815లోనే. గ్లారుస్‌లోని గ్రామ పంచాయతీలన్నీ 2011లో మూడైపోయాయి. ఎల్మ్ ఊరి పౌరుల పత్రాల్లో ఇప్పుడు గ్లారుస్ జ్యూడ్ అని ఉంటుంది. కాబట్టి ఈనాటి పంచాయతీ పేరూ, పాత ఊరి పేరూ రెండూ రాసుకోండి.

పేజీ చదవడం

జర్మన్ పుస్తకాలు కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపిలో ఉంటాయి. చిన్న "ఈ" అక్షరం "ఎన్" లాగా, పొడవు "ఎస్" అక్షరం "ఎఫ్" లాగా, "హెచ్" లాగా కనిపిస్తుంది. "యు" మీద కొడవలి లాంటి గీత పెడతారు, "ఎన్"తో కలవకుండా. తెలియని ఇంటిపేరు దగ్గర తల పట్టుకోకుండా, అదే చేతిరాతలో తెలిసిన మాటలు వెతకండి: నెలల పేర్లు, ఆన్నా, హాన్స్, బార్బరా. వాటిలోని ఒక్కో అక్షరాన్నీ కాగితం మీద దించుకుంటే ఆ గుమస్తా వర్ణమాల మీ చేతిలో ఉంటుంది. పాస్టర్ మారినప్పుడల్లా ఈ పని మళ్లీ చేయాలి.

ఎక్కువగా దెబ్బతీసేవి ఇవి:

- 7బ్రిస్ అంటే ఏడో నెల కాదు, సెప్టెంబర్. 8బ్రిస్ అక్టోబర్, 9బ్రిస్ నవంబర్, ఎక్స్‌బ్రిస్ డిసెంబర్. లాటిన్ అంకెల పేర్ల మీద రాసిన పొట్టిరాత ఇది.
- ఆడవాళ్ల ఇంటిపేరు చివర "ఇన్" తగులుతుంది. గెర్బెరిన్ అంటే గెర్బర్ ఇంటి ఆడపడుచు. ఆ తోక తీసేసి రాసుకోండి.
- పేరు పక్కన "సెల్." ఉంటే అప్పటికే చనిపోయినవాడు. మరణాల పుస్తకం లేని కాలంలో ఇదే ఆధారం.
- "హింటర్‌సాస్" అంటే ఊళ్లో ఉంటున్నాడు గానీ ఆ ఊరి పౌరుడు కాడు. అతని మూలం వేరేచోట వెతకాలి.
- కాథలిక్ పుస్తకాల్లో ఉల్రిక్ ఉడాల్రికస్ అవుతాడు. బెర్న్ వైపు బెండిక్ట్ అంటే బెనెడిక్ట్, క్రిస్టెన్ అంటే క్రిస్టియన్.
- మ్యూలర్-కెల్లర్ అని చిన్నగీతతో ఉంటే మొదటిది భర్త ఇంటిపేరు, రెండోది భార్య పుట్టింటి పేరు.

తేదీలకు ఇంకో చిక్కు. కాథలిక్ కాంటన్లలో చాలావరకు 1584లోనే కొత్త (గ్రెగోరియన్) క్యాలెండర్‌కు మారాయి. జ్యూరిక్, బెర్న్, బాసెల్ లాంటి ప్రొటెస్టెంట్ కాంటన్లు 1700 డిసెంబర్ 31 తర్వాత నేరుగా 1701 జనవరి 12కు దూకాయి. మధ్యనున్న వందేళ్ల పైచిలుకు పక్కపక్క లోయల్లో తేదీలు పది రోజులు తేడాగా నడిచాయి. తేదీని మార్చి రాయకండి, ఉన్నది ఉన్నట్టు రాసి పక్కన పాత క్యాలెండర్ అని గుర్తు పెట్టండి. జెనీవా, జూరా ఫ్రాన్స్ కింద ఉన్న ఏళ్లలో 1805 చివరి దాకా ఫ్రెంచి విప్లవ క్యాలెండర్ తేదీలుంటాయి, వాటికి మార్పిడి పట్టిక కావాలి.

ఇద్దరు హాన్స్‌లలో మనవాడు ఎవరు

ఒకే ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు నలుగురైదుగురు ఉంటారు. అసలు పరీక్ష ఇక్కడే, ఎక్కువ వంశవృక్షాలు తప్పేది కూడా ఇక్కడే. పద్ధతి ఇది. పెళ్లి తేదీకి 20 ఏళ్ల ముందు నుంచి 35 ఏళ్ల ముందు దాకా ఆ ఊళ్లో ఆ పేరుతో జరిగిన ప్రతి బాప్తిస్మాన్నీ రాయండి. మనకు కావలసింది దొరికిందని మధ్యలో ఆపకూడదు. తర్వాత ఒక్కొక్కరినీ కొట్టేయండి: పసితనంలో పోయినవాడు, ఇంకొకరిని పెళ్లాడినవాడు, వేరే ఊరు వెళ్లినవాడు. అన్నదమ్ముల్లో ఒకే పేరు రెండుసార్లు వస్తే మొదటివాడు చాలావరకు చనిపోయాడని అర్థం, ఆ పేరే తర్వాతి బిడ్డకు పెట్టేవారు.

మిగిలినవాళ్లను తేల్చేది బాప్తిస్మ సాక్షులు. బెర్న్ ప్రొటెస్టెంట్ పల్లెల్లో సాధారణంగా మగబిడ్డకు ఇద్దరు పురుషులు, ఒక స్త్రీ, ఆడబిడ్డకు ఇద్దరు స్త్రీలు, ఒక పురుషుడు సాక్షులుగా ఉంటారు. వాళ్లు మేనమామలో, పిన్నులో, పక్కింటివాళ్లో అయి ఉంటారు. ప్రతి బిడ్డకూ ముగ్గురు సాక్షుల పేర్లూ దించండి. ఎనిమిది మంది పిల్లలకు 24 పేర్లొస్తాయి. తల్లి పుట్టింటివాళ్లు వాటిలోనే బయటపడతారు.

ఒక్కో దంపతులకు ఒక్కో కాగితం పెట్టండి. పిల్లలు రెండేళ్లకు ఒకరు చొప్పున సాగి, హఠాత్తుగా నాలుగైదేళ్ల ఖాళీ వస్తే కుటుంబం పక్క ఊళ్లో కొన్నాళ్లుందేమో చూడండి. బెర్న్ కాంటన్‌లోని ఎమ్మెన్‌టాల్ లోయలో ఇది మామూలు. అక్కడ పొలం చిన్నకొడుకుకు వచ్చేది. పెద్దవాళ్లు కౌలుకు ఊరూరా తిరిగేవారు, పౌరసత్వం మాత్రం పాత ఊళ్లోనే ఉండేది. పెళ్లిని వరుడి ఊళ్లోనూ, వధువు ఊళ్లోనూ, పెళ్లి జరిగిన చర్చిలోనూ వెతకాలి. మూడు చోట్లా రాసి ఉండవచ్చు, వాటిలో ఒక్కచోటే తండ్రి పేరు ఉండవచ్చు.

కాథలిక్ పెళ్లి నమోదులో "మూడో తరం రక్తసంబంధానికి అనుమతి" అన్న అర్థంలో లాటిన్ మాట దొరికితే పండగే. వధూవరుల ముత్తాతల్లో ఒక జంట ఉమ్మడి అని అది చెబుతోంది. "రెండో తరం" అంటే తాతా మామ్మలు ఉమ్మడి, మన మేనరికం లాంటిది.

పుస్తకంలో బాప్తిస్మమే లేకపోతే ఆ కుటుంబం అనాబాప్టిస్టులదేమో ఆలోచించండి. వాళ్లు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇప్పించరు. అప్పుడు చర్చి న్యాయసభ మినిట్స్, జప్తు చేసిన ఆస్తుల లెక్కలు చూడాలి. పెళ్లికాని తల్లుల బిడ్డల విషయంలో కూడా తండ్రి పేరు ఆ మినిట్స్‌లోనే ఉంటుంది.

చర్చి పుస్తకాలకంటే వెనక్కి వెళ్లాలంటే ఉర్బార్ అనే భూమి శిస్తు పుస్తకాలు, సైనికుల పట్టీలు, కాథలిక్ ఊళ్లలో ఆబ్దికాలకు ఇచ్చిన దానాల పుస్తకాలు ఉన్నాయి. వాటిలో మనుషులుంటారు గానీ తండ్రీకొడుకుల బంధం అరుదుగా ఉంటుంది. అదే పొలాన్ని తర్వాత మన ఇంటివాళ్లే దున్నినట్టు శిస్తు పుస్తకాల వరస చూపిస్తేనే కలపండి. లేకపోతే వృక్షాన్ని అక్కడితో ఆపండి.

మద్రాసు ప్రెసిడెన్సీలో స్విస్ జాడ

మన దేశంలోని కుటుంబంలో స్విస్ పూర్వీకుడు ఉన్నాడని వింటే రెండు దారులు చూడండి. నూషాటెల్‌కు చెందిన ద మ్యూరాన్ 1781లో నిలబెట్టిన స్విస్ పటాలం సింహళంలో డచ్చివారి కొలువు చేసి, 1795లో బ్రిటిష్ వైపు మారి, 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో పోరాడింది. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్తిస్మ, వివాహ, ఖనన నమోదుల నకళ్లు లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో "ఎన్/2" వరసలో ఉన్నాయి. రెండోది 1834లో మంగళూరు చేరిన బాసెల్ మిషన్. 1865లో అక్కడ పెంకుల కార్ఖానా పెట్టింది వాళ్లే. ఆ మిషన్ వాళ్ల వ్యక్తిగత పత్రాలు బాసెల్‌లోని ఆర్కైవ్‌లో ఉన్నాయి. పేరులో బాసెల్ ఉన్నా ఆ మిషనరీల్లో చాలామంది జర్మనీలోని వ్యుర్టెంబెర్గ్ వాళ్లు. పత్రంలో మూల గ్రామం చూశాకే స్విట్జర్లాండ్ వైపు కదలండి.